ఆకులో తెల్ల గీత

పంపాయన తోటలోకి అడుగుపెట్టాడంటే మిగతావాళ్ళంతా బయటికి నడవాల్సిందే. అతని పనికి అదే మొదటి షరతు. కాయలు కోసేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు, గట్టు మీద చతికిలబడి పిచ్చాపాటీ మాట్లాడుకునేవాళ్ళు, ఎవరైనా సరే, వీపున నీలం డబ్బాతో అతను మలుపు తిరగడం చూడగానే బుట్టలూ చెప్పులూ సర్దుకుని లేచేవాళ్ళు. అతను గేటుకు ఎర్రగుడ్డ కట్టేవాడు. ఆ గుడ్డ ఉన్నంతసేపూ పిల్లిపిల్ల కూడా లోపలికి రాకూడదు. మర్నాడు పొద్దున్నే వచ్చి గుడ్డ విప్పేవాడు. అప్పటికి అతనికి అక్కడ పనుండదు. వాళ్ళు లోపలికి వస్తుంటే అతను బయటికి వెళ్ళిపోయేవాడు. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఇదే వరస. అన్నేళ్ళుగా అన్ని తోటలు తిరిగిన మనిషి, ఏ తోటలోనూ పక్కన ఇంకో మనిషి ఉండగా పనిచేసి ఎరగడంటే వినేవాళ్ళకు వింతగానే ఉంటుంది. అతనికి మాత్రం అలా అనిపించడం ఎప్పుడో మానేసింది.

చేసేది కిరాయికి మందు కొట్టడం. వంగ, టమాటా, చిక్కుడు, ఎవరి తోటకు ఏ పురుగు పట్టినా కబురు అతనికే వచ్చేది. "సాయంత్రమైతే ఆ మందు కూడా కొడతావా?" అని మందుల కొట్టు దగ్గర పనిలేని మగవాళ్ళు ప్రతిసారీ అదే హాస్యం ఆడేవాళ్ళు. అదేదో అప్పుడే కనిపెట్టినట్టు ప్రతిసారీ వాళ్ళే నవ్వుకునేవాళ్ళు. అతను సీసా ముట్టేవాడు కాదు. పగలంతా ఈ వాసనకే కడుపులో దేవేస్తుంటే ఇంకో వాసన ఎక్కడ పట్టేది? అసలు పేరు ఒకటి ఉండేది. దాన్ని పెట్టి పిలిచిన ఆఖరి మనిషి వాళ్ళమ్మ. ఆవిడ పోయాక అందరికీ అతను పంపాయనే.

తమ్ముడి ఇంటి వెనక రేకుల గదిలో ఉండేవాడు. దానికి విడిగా తలుపు, విడిగా కుళాయి. అతని బట్టలు ఆరేసే తీగ వేరు, బకెట్టు వేరు, సబ్బు వేరు, కంచం వేరు. ఇదంతా చెబితే మరదలు గయ్యాళిదనుకుంటారేమో, అదేం లేదు. ఆమె చేసినదాంట్లో తప్పు పట్టడానికి నాకైతే ఏమీ కనిపించదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. మందు పట్టిన చొక్కా పిల్ల పరుపు పక్కన పడేసే ఇల్లాలు ఎవరుంటారు? అన్నం వేళకు వేడివేడిగా పెట్టి, "బావగారూ, ఇక్కడ పెట్టాను" అని గడప మీద కంచం ఉంచి, మర్యాదగా పక్కకు తప్పుకునేది. మర్యాదకు ఏ లోటూ లేదు. ఆ మర్యాదే అతన్ని తినేసేది.

పిల్లకు పెదనాన్న అంటే ప్రాణం. బడి నుంచి రాగానే వంటింటి గడప అవతల నిలబడి, "పెదనాన్నా, ఇవాళ నేను ఏనుగు వేశాను, చూడు" అని కాగితం ఎత్తి చూపించేది. అతను ఇవతలి నుంచే మెడ సాచి, "ఏనుగా? నేనింకా మీ నాన్ననుకున్నా" అనేవాడు. పిల్ల కిలకిలా నవ్వేది. గడప దాటబోతే వాళ్ళమ్మ లోపలి నుంచి ఒక్క కేక పెట్టేది. పుట్టినప్పటి నుంచీ అతను ఆ పిల్లను ఎత్తుకోలేదు. ఎత్తుకోవాలని ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పెళ్ళి ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉండేవాళ్ళు. సంబంధాలు రాకపోలేదు. ఒక పిల్ల చూడ్డానికి వాళ్ళ పిన్నితో సహా వచ్చింది, మనిషి నెమ్మదస్తుడని ఇష్టపడింది కూడా. కాఫీ తాగుతూ వాళ్ళ పిన్ని, "ఎంత కడిగినా చేతులకు ఆ వాసన పోదటగా?" అని అడిగింది. కాదని ఉంటే సరిపోయేది. మన మహానుభావుడు తన అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, "పోదండీ" అన్నాడు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది.

ఇలాంటి బతుకులో వారానికోసారి అతన్ని పిలిచే గొంతు ఒకటుండేది. అది పందిరక్కది.

ఆమె ఊరి చివర రోడ్డు పక్కన చిక్కుడు పందిళ్ళు వేసి బతికేది. మొగుడు లారీ మీద దూరాలు తిరిగేవాడు. ఎప్పుడు వస్తాడో లారీకే తెలియాలి. వచ్చినా రెండు పూటలు నిద్రపోయి వెళ్ళేవాడు. ఇక మిగిలింది ఆమె, ఆమె చిక్కుడు తీగలు. నోరు మంచిదే గానీ ఊరుకునే నోరు కాదు. పంపాయన లోపల మందు కొడుతుంటే, గాలి అటు రాని వైపు రోడ్డవతల బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద కూర్చుని, పంపు చప్పుడుకు మించి గొంతు పెంచి కబుర్లు చెప్పేది. మార్కెట్లో దళారి కొత్త బూట్లు కొన్నాడని, అవి కరిచి కుంటుతున్నాడని, తనకు నిన్న కలలో చిక్కుడుకాయ మాట్లాడిందని, ఏమందో పొద్దున్నే మర్చిపోయానని. ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకున్న మనిషి ఏం బదులు చెబుతాడు? ఊఁ అనేవాడు. ఆ ఊఁ రోడ్డు దాటేది కాదు. అయినా ఆమె ఆపేది కాదు. పని అయ్యాక అతను రోడ్డు పక్క కుళాయి దగ్గర ఒళ్ళంతా కడుక్కుని వస్తే, "తమ్ముడూ, టీ తాగి వెళ్ళు" అనేది. టీ చల్లారేదాకా ఇంకో విడత కబుర్లు. లోకంలో అతన్ని తమ్ముడూ అన్నది ఆమె ఒక్కతే. ఆ రోజు కోసం అతను వారమంతా ఎదురుచూసేవాడు.

ఆ ఏడు పందిళ్ళు ఇంకా పూర్తిగా అల్లుకోకముందే ఆకుల మీద తెల్ల గీతలు కనిపించాయి. చిన్నపిల్లలు సుద్దముక్కతో పిచ్చిగీతలు గీసినట్టు వంకరటింకరగా ఉండే గీతలు. పాముపొడ అంటారు దాన్ని. కంటికి ఆనీ ఆనని ఒక ఈగ ఆకులో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు ఆకు పై పొరకూ కింది పొరకూ మధ్య దూరి, పచ్చని కండ తింటూ సొరంగం తవ్వుకుంటూ పోతుంది. అది తిన్న దారే ఆ తెల్ల గీత. పందిరక్క ఒక ఆకు తెంపి పట్టుకుని కబురు చేసింది. పంపాయన వచ్చాడు, గుడ్డ కట్టాడు, కొట్టాడు, వెళ్ళాడు.

తర్వాతి వారం ఆమె మళ్ళీ ఆకు చూపించింది. "పోలేదేంటి తమ్ముడూ? గీతలు అలాగే ఉన్నాయే!"

అతను ఆ ఆకును ఎండకు అడ్డం పెట్టి చూశాడు. లోపల పురుగు ఉంటే గీత చివర చిన్న మచ్చలాగా కనిపిస్తుంది. ఏమీ లేదు. పురుగు ఎప్పుడో చచ్చింది. కానీ అది తిన్న దారి పూడదు. ఆకు రాలేదాకా ఆ గీత అలాగే ఉంటుంది. మందు కొట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. తెలియనిది తోటవాళ్ళకే. గీత చెరిగితేనే పురుగు పోయినట్టని వాళ్ళ లెక్క. గీత ఎప్పటికీ చెరగదు కాబట్టి మళ్ళీ మళ్ళీ మందు కొట్టిస్తూనే ఉంటారు.

"పురుగు చచ్చిందక్కా, ఇక అక్కర్లేదు" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. రోడ్డవతల క్రేటు అప్పటికే బోర్లించి ఉంది. ఆమె కొంగుతో దాని మీది దుమ్ము దులుపుతోంది.

"ఇంకోసారి కొట్టాలక్కా" అన్నాడు.

అన్నాక తన గొంతు తనకే నచ్చలేదు. అయినా కొట్టాడు. ఆ పై వారమూ కొట్టాడు. ఇలాంటి పని డబ్బు కోసం చేసిన వాళ్ళను చూశాను, వాళ్ళను తిట్టడం తేలిక. ఇతన్ని ఏమని తిట్టాలి? అయినా తిట్టాల్సిందే. ఎదుటి మనిషి పొట్టకూటితో ఆడుకునే హక్కు ఒంటరితనానికి కూడా లేదు.

అసలు చిక్కు అక్కడి నుంచే మొదలైంది. మొదట్లో అబద్ధంగా చెప్పిన పురుగు కాస్తా నిజంగానే వచ్చి పడింది. కొట్టినకొద్దీ గీతలు పెరిగాయి. ఇప్పుడు ఆకు ఎండకు పెడితే ప్రతి గీత చివరా బతికున్న పురుగే. ఈగలు చిన్న పొగలాగా తీగల మీద లేచి వాలుతున్నాయి. కింది ఆకులు పండుబారి రాలసాగాయి. పంపాయన పరుగున కొట్టుకు వెళ్ళాడు. మందుల కొట్టాయనను అడిగితే, ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఇది పాతబడింది, ఇంకొంచెం ఘాటైంది ఉంది. రెండూ కలిపి కొట్టు, దెబ్బకు చస్తాయి" అన్నాడు. కలిపి కొట్టాడు. చావలేదు. పందిరక్క కబుర్లు తగ్గిపోయాయి. క్రేటు మీద కూర్చుని మోకాళ్ళ మీద గడ్డం ఆనించి తీగల వైపే చూసేది. ఒకసారి, "ఈ పంట పోతే పందిళ్ళు పీకేసి ఎవరి దగ్గరైనా కూలికి పోవాలి తమ్ముడూ" అంది. అతను పంపు ఇంకాస్త గట్టిగా ఊపాడు.

ఆ రోజుల్లోనే వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి ఒక అమ్మాయి మందుల కొట్టు ముందు పట్టా పరిచి తోటవాళ్ళతో మాట్లాడింది. పంపాయన దూరంగా, కరెంటు స్తంభం దగ్గర నిలబడి విన్నాడు. ఆమె చెప్పింది ఇంతే. ఈ ఈగకు ఒక శత్రువు ఉంది. చీమకన్నా చిన్న కందిరీగ. అది ఆకులో ఉన్న పురుగును వెతికి పట్టుకుని దాని పక్కనే తన గుడ్డు పెడుతుంది. కందిరీగ పిల్ల ఆ పురుగునే తిని పెరుగుతుంది. మీరు కొట్టే ఘాటు మందులకు ముందు చచ్చేది ఈ కందిరీగ. ఈగ మాత్రం ఆ మందులకు ఎప్పుడో అలవాటు పడిపోయింది. పోలీసును చంపేసి దొంగ కోసం వీధుల్లో వెతుకుతున్నారు మీరు, అంది. అందరూ నవ్వారు.

"నమ్మకపోతే మీరే చూడండి" అని ఆమె ఒక గాజు సీసా ఎత్తి చూపింది. "గీతలున్న ఆకులు కోసి ఇలా సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంచండి. కొన్నాళ్ళకు అందులోంచి ఏం బయటికొస్తుందో చూడండి. మందు కొట్టని చోటి ఆకులు ఒక సీసాలో, కొట్టిన చోటివి ఇంకో సీసాలో."

మందు కొట్టని చోటు ఎక్కడుంటుందని అక్కడున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పంపాయనకు మాత్రం తెలుసు. పందిరక్క వంటింటి కిటికీ కింద ఒక వరస ఉంది. "మందు గిన్నెల మీదకి వస్తుంది, అది వదిలెయ్యి తమ్ముడూ" అని ఆమె మొదటి నుంచీ అక్కడ కొట్టనిచ్చేది కాదు.

మర్నాడు పొద్దున ఎర్రగుడ్డ విప్పడానికి వెళ్ళినప్పుడు అటు కొన్ని, ఇటు కొన్ని ఆకులు కోసి జేబుల్లో వేసుకున్నాడు. మరదలు పారేసిన ఊరగాయ సీసాలు రెండు కడిగి, పాత పంచె చింపి మూతులకు కట్టి, గది కిటికీలో పెట్టాడు. మరదలు చూసి ముక్కున వేలేసుకుంది. "చంపడానికి ఊరి పురుగులు చాలక, ఇప్పుడు ఇంట్లో పెంచుతున్నారా బావగారూ?"

ఆ సీసాలు వచ్చాక అతని గది కొంచెం మారింది. పొద్దున లేవగానే వాటి దగ్గరికి వెళ్ళేవాడు. పనిలోంచి రాగానే ముందు వాటినే చూసేవాడు. ఆకులు వాడాయి, ఎండాయి. పురుగులు ఆకుల్లోంచి జారి సీసా అడుగున గోధుమరంగు నూకల్లాగా పడి ఉన్నాయి. గదిలో ఇంకేదో ప్రాణం ఉందన్న సంగతి అతనికి హాయిగా అనిపించింది. పిల్ల గడప అవతల నుంచి, "లేచాయా పెదనాన్నా?" అని రోజూ అడిగేది. "ఇంకా లేదు, మీ నాన్నలాగే మొద్దునిద్ర" అనేవాడు.

ఒక పొద్దున లేచాయి. మందు కొట్టిన ఆకుల సీసాలో ఈగలే. నల్లటి వీపు, పసుపు పొట్ట, సీసా గోడల నిండా ముసురుకుని ఉన్నాయి. కందిరీగ ఒక్కటంటే ఒక్కటీ లేదు. రెండో సీసాలో, వంటింటి కిటికీ కింది ఆకుల సీసాలో, ఈగలు అక్కడొకటి ఇక్కడొకటి. ఎక్కువ ఉన్నవి వేరేవి. ఇసుక రేణువంత నల్లటి పురుగులు, వెలుగు పడితే ఆకుపచ్చగా తళుక్కుమంటున్నాయి. అతను మంచం మీద కూర్చుండిపోయాడు. తోటను కాస్తున్న వాటిని వారం వారం వెళ్ళి తన చేత్తోనే చంపి వచ్చాడు. తోట తగలబడింది ఈగ వల్ల కాదు. తన వల్ల.

గుడ్డ విప్పి ఆ కందిరీగలను కిటికీలోంచి వదిలేశాడు. ఈగల సీసా మూతి బిగించి ఎండలో పెట్టాడు. ఇక పందిరక్కకు చెప్పాలి. చెబితే ఆమె ఇంకెప్పుడూ మందు కొట్టించదు. మందు కొట్టించని తోటకు పంపాయన ఎందుకు వెళతాడు? ఏమని వెళతాడు? చెప్పకపోతే ఆమె పందిళ్ళు పీకేసుకుంటుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. ఎలాగూ పంట పోతుంది, నోరు మూసుకుంటే పోయేదాకా అయినా తమ్ముడూ అంటుంది కదా అని కూడా ఒక క్షణం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మందు కొట్టే రోజు వచ్చింది. డబ్బా వీపున వేసుకుని వెళ్ళాడు గానీ గేటుకు గుడ్డ కట్టలేదు. పందిరక్క అప్పటికే రోడ్డు దాటబోతోంది.

"అక్కా, ఆగు. ఇవాళ కొట్టను."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇక కొట్టకూడదు." అతను తీగ నుంచి ఒక పాత ఆకు తెంపి ఎండకు పట్టుకున్నాడు. "ఇది చూడు. ఇందులో పురుగు లేదు, ఎప్పుడో చచ్చింది. గీత మాత్రం పోదు. ఆకు రాలేదాకా ఉంటుంది. నువ్వు రెండో వారం చూపించింది కూడా ఇలాంటి ఆకే. అప్పుడే ఆపేసి ఉంటే సరిపోయేది."

ఆమె ఆకు వైపు చూసింది, అతని వైపు చూసింది. "మరి ఇప్పుడు ఎగురుతున్న ఈ ఈగలన్నీ?"

సీసాల సంగతి చెప్పాడు. కందిరీగల సంగతి చెప్పాడు. వంటింటి వరస ఎందుకు పచ్చగా ఉందో చూపించాడు. కింది ఆకులు గిల్లి గట్టు మీద పారెయ్యకుండా కవర్లో మూటగట్టి ఎండలో పెట్టమని, ఈగలు అంటుకునే పసుపు రంగు జిగురు అట్టలు తీగల మధ్య కట్టమని, మరీ ఎక్కువైతే వేపనూనె ఒక్కటే కొట్టమని, దానికి తను అక్కర్లేదని, ఆమే కొట్టుకోవచ్చని, ఆ పరిశోధన కేంద్రం అమ్మాయిని ఒకసారి పిలిపించుకోమని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అన్నేళ్ళలో ఆమె దగ్గర అతను అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

ఆమె అంతా విని ఒక్క మాటే అడిగింది.

"కందిరీగ సంగతి నీకు తెలీదు, సరే. గీత పోదని తెలుసా?"

"తెలుసు."

"మొదటి నుంచీ?"

"ఆఁ."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

ఏ అబద్ధమూ తోచలేదు. "చెబితే నువ్వు పిలవవు కదక్కా."

ఆమెకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం కందగడ్డలా అయింది. "నా కబుర్ల కోసం నా తోట తగలేశావా?" అంది. గేటు వైపు చెయ్యి చూపించింది. "వెళ్ళు" అంది. తమ్ముడూ అనలేదు. బండ బూతులు తిట్టి ఉంటే అతనికి ఎంతో తేలికగా ఉండేది.

ఆ తర్వాత అతను ఆ రోడ్డున పోవడం మానేశాడు. ఊరి అవతలి పనులకు కూడా చుట్టు తిరిగి పోయేవాడు. పరిశోధన కేంద్రం అమ్మాయి మాట మెల్లగా పాకి, రెండు మూడు తోటలవాళ్ళు పిలవడం మానేశారు. పిలిచిన తోటల్లో అందరూ లేచి వెళ్ళిపోయాక అతను ఒక్కడే డబ్బా ఊపుకుంటూ వరసల మధ్య నడిచేవాడు. ఇదివరకు ఆ నిశ్శబ్దం అతన్ని ఏమీ చేసేది కాదు. ఇప్పుడు రోడ్డు వైపు చెవి పోతోంది. రోడ్డు మీద ఎవరూ ఉండరని తెలుసు, అయినా పోతోంది. గదిలో సీసాలు ఖాళీగా ఉన్నాయి. పిల్ల ఒకరోజు, "మళ్ళీ పురుగులు తెస్తావా?" అని అడిగితే, "ఎందుకమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఆ జవాబుకు బిక్కమొహం వేసింది. ఆ రాత్రి కంచంలో అన్నం అలాగే వదిలేస్తే మరదలు గడప దగ్గర కాసేపు నిలబడింది. ఏదో అడగాలనుకుంది, ఎలా అడగాలో తెలియక కంచం తీసుకుని వెళ్ళిపోయింది. ఒకే ఆవరణలో ఇన్నేళ్ళు ఉండి, మనిషిని ఏమైందని అడగడం చేతకాకపోవడం కన్నా దౌర్భాగ్యం ఉందా?

ఒకసారి మార్కెట్ లారీ వెనక ఎక్కి వస్తూ, ఆ పందిళ్ళు దూరం నుంచి కనబడితే తల తిప్పుకోలేకపోయాడు. తీగల మధ్య పసుపు అట్టలు వేలాడుతున్నాయి. ఆమె ఒంగుని కింది ఆకులు గిల్లుతోంది. చుట్టూ ఎవరూ లేరు. పెదవులు కదులుతున్నట్టు అనిపించింది. లారీ వేగంలో అది నిజమో భ్రమో తెలియలేదు.

ఎండలు కొంచెం తగ్గాక మందుల కొట్టాయన కేకేసి చెప్పాడు. "నీకో కబురు. పందిరక్క రమ్మంది."

"ఎందుకట?"

"నన్నడిగితే? పురుగు తిరగబెట్టిందేమో. కొట్టొద్దు కొట్టొద్దని కూర్చుంటే ఊరుకుంటుందా మరి!"

పంపాయన అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు. తాను చెప్పిందంతా తప్పయిందా? పంట పోయిందా? గదికి పోయి డబ్బా దించి, లోపలి పాత మందు వాసన పోయేదాకా సబ్బుతో కడిగాడు. గొట్టం, దాని ముక్కు, పట్టీలు అన్నీ తోమాడు. వేపనూనె కొని దగ్గర పెట్టుకున్నాడు. ఘాటు మందు అడిగినా కొట్టకూడదని, వేపనూనెతోనే సరిపెట్టాలని దారి పొడుగునా తనకు తానే చెప్పుకున్నాడు. కాళ్ళు మాత్రం పరుగెత్తుతున్నాయి.

గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. పందిళ్ళ కింద నీడ గడ్డకట్టి ఉంది. కింది ఆకుల మీద పాత గీతలు అక్కడక్కడా ఉన్నాయి. పై ఆకులు కడిగినట్టు పచ్చగా ఉన్నాయి. గుత్తులు గుత్తులుగా కాయలు. పందిరక్క సగం నిండిన బుట్ట పక్కన పెట్టుకుని కాయలు కోస్తోంది. అతన్ని చూసి లేచి వచ్చింది. ముందు అతని మొహం వైపు చూసింది, తర్వాత వీపు వైపు.

"ఆ డబ్బా ఎందుకు మోసుకొచ్చావు?"

"కబురు చేశావని..."

"కబురు చేస్తే?"

"పురుగు పట్టిందేమో అనుకున్నా."

"పురుగూ లేదు, పుట్రా లేదు. కళ్ళు కనపడట్లేదా?"

అతను మళ్ళీ పందిళ్ళ వైపు చూశాడు. నిజమే, పురుగు లేదు. పిలిచి తిట్టాలనుకుందేమో. తిట్టించుకోవడానికి సిద్ధపడి తల వంచుకున్నాడు. ఆమె తిట్టలేదు.

"మరి ఎందుకు రమ్మన్నావక్కా?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే! దానికి కూడా అర్థం చెప్పాలా?" ఆమె విసుక్కుంది. "నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. రోజూ ఒంగుని ఆకులు గిల్లుతూ నిన్ను తిట్టుకుంటూనే ఉన్నా. కానీ ఎంత సేపని నాలో నేనే తిట్టుకోను తమ్ముడూ? నేను మాత్రం ఇక్కడ ఎవరితో ఉన్నాను?"

"పని లేకుండా నన్ను రమ్మన్నావా?" అని అతను మళ్ళీ అడిగాడు. పంపు అక్కర్లేని చోటికి తనను ఎవరైనా పిలుస్తారని ఆ మనిషికి ఎప్పుడూ తోచలేదు. అందుకే అంత చిన్న మాట బుర్రకెక్కలేదు. ఎక్కాక గట్టు మీద కూలబడి, డబ్బా వీపున ఉండగానే చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఊరుకో అని ఆమె అనలేదు. ఏడుపు నెమ్మదించేదాకా పక్కనే గట్టు మీద కూర్చుంది. తర్వాత లేచి, అతని భుజం మీది పట్టీ ముడి పట్టుకుని లాగి చూసింది. ముడి నీళ్ళకు నాని బిగుసుకుపోయింది. గోళ్ళతో రాలేదు. పళ్ళతో పట్టి విప్పబోతే అతను కంగారుగా, "వద్దక్కా, మందు అంటుకుంటుంది" అన్నాడు. "నోరు మూసుకుని కదలకుండా కూర్చో" అని ఆమె కాయలు కోసే కత్తి తీసుకుని ఆ పట్టీ కోసేసింది.